అత్తం

రావులపాలెం అరటి యార్డు, మూడో షెడ్డు.
గెలలు దించే అరుగు పక్కన
నేను బిగించిన పెట్టె ఒకటుంది.
లోపల నల్లగుడ్డ, రెండు ట్యూబులైట్లు,
నడినెత్తిన రెప్పలేని కన్ను.
బెల్టు మీద అత్తం తర్వాత అత్తం
డాక్టరు ముందు పడుకున్నట్టు
వచ్చి వెల్లకిలా పడుకుంటుంది.

కంప్యూటరు దాని చుట్టూ పచ్చగీత గీస్తుంది.
గీత లోపలంతా పండు, బయటంతా చీకటి.
దానికి తెలిసిన లోకం అంతే.
గీత పొడవెంత, లోపలి చోటెంత,
తొడిమ నుంచి కొనకి తిన్నగా లాగితే ఎంత,
వంపు తిరిగి వెళితే ఎంత,
రెప్పపాటులో చెప్పేస్తుంది,
రెప్ప లేకపోయినా.

మొదటి వారం అన్నీ తప్పులే.
బొంతని కర్పూరం అంది.
చక్కెరకేళి నడుము చూసి 'లోపం' అని రాసింది.
వానలకి అద్దం ఆవిరి పట్టి
కాయలన్నిటికీ పొగ అంచులొచ్చాయి.
లంక నుంచి పంటు మీద దాటొచ్చిన గెలకి
ఒండ్రు అంటుకునుంటే
ఆ ఒండ్రునీ పండు కిందే కొలిచింది.

మరిడమ్మ నవ్వేది.
గెల నుంచి అత్తాలు విడదీయడం ముప్పయ్యేళ్లుగా ఆమె పని.
బొటనవేలితో కాయని ఒక్కసారి తడిమి
"పలకలింకా తేలున్నాయి, నాలుగు రోజులాగాలి" అంటుంది.
"చూడ్డం కాదు బాబూ, పట్టుకోవాలి."
నా పెట్టెకి చేతుల్లేవు.

కొలతకని పక్కన ఓ అట్టముక్క పెట్టేవాణ్ని.
నలుపూ తెలుపూ గళ్లు, గడికో సెంటీమీటరు.
అది లేకపోతే కన్నుకి
దగ్గరున్న పిందే, దూరానున్న పెద్దకాయా ఒకటే.
శ్రావణంలో ఓ మధ్యాహ్నం,
తొక్కల కోసం తిరిగే ఎర్రావు
నా సెంటీమీటర్లన్నీ నమిలేసింది.
బరంపురం లారీ ఇంజను ఆపకుండా నిలబడింది.
కమీషను బుల్లబ్బు గారు
గడియారం చూడ్డం, నన్ను చూడ్డం.

"నా జాన పెట్టుకో" అంది మరిడమ్మ.
టేపుతో కొలిచాను. పంతొమ్మిదిన్నర.
ఆ అంకె వేసి మీట నొక్కాను.
ఆ సాయంత్రం బరంపురం వెళ్లిన కాయలన్నీ
ఆమె చేతిని బట్టే పొడుగయ్యాయి, పొట్టయ్యాయి.

చెయ్యి తీయడం ఒక్క క్షణం ఆలస్యమైంది.
పచ్చగీత వేళ్ల సందుల్లోకి పాకింది.
తెర మీద:
అత్తం. కాయలు ఐదు. ఒకటి పొట్టి.
వంపు ఎక్కువ. మచ్చలు ఎక్కువ.
తరగతి మూడు.

చదివి చెప్పమంది. గొంతు పెగల్లేదు. చెప్పాను.
"తప్పేం రాసిందీ?
మచ్చలు అరటి బంకవి, సబ్బుకి లొంగవు.
పొట్టిది, మొలలోతు వరదలో నిలబడి
గెల నరుకుతుంటే కత్తి తీసుకుపోయింది."
తెర దగ్గరికొచ్చి, తెగిన కొనకి పైన
ఉత్త నలుపు మీద వేలు పెట్టింది.
"ఇక్కడే తప్పు. రాత్రిళ్లు ఇక్కడ దురదెడతాది.
గీత ఇందాకా రావాలి."

"మూడో తరగతంటే కిలో ఎంతండీ?" అనడిగింది.
"చిప్సులకెళ్తావు" అన్నారు బుల్లబ్బు గారు.
షెడ్డంతా నవ్వింది. ముందు నవ్విందీ ఆమే.

తప్పు చదివిన బొమ్మలకి
రాత్రి కూర్చుని పేర్లు దిద్దడం నా పని.
నాలుగు వేల నూట పదిహేడో బొమ్మ దగ్గర ఆగాను.
'చెయ్యి' అని కొట్టాను. చెరిపాను.
పండ్ల వరసకి చేతి పేరు పెట్టి
మన మాటే ఎప్పుడో పొరబడింది.
పెట్టెననేముంది?
గడి ఖాళీగా వదిలేసి
బయటికొస్తే కాలవ మీద వాన.

పొద్దున్నే కొత్త అట్ట అచ్చేయించి తెచ్చాను.
మరిడమ్మ పైటచెంగుతో అద్దం తుడిచి,
అట్ట మీద జాన ఆనించి చూసి,
"నీ గళ్లు కురచ" అంది.

టేపు పెట్టాను.
కురచే.